కుడితి పోసిన మడి

"ఎవరు పోశారు?"

ఎఫిహేనియా ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పెరట్లోంచే అరిచింది. ఈసారి గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగింది. వంటింట్లో ఉన్న ముగ్గురూ అప్పుడే తలెత్తి చూశారు.

ఆమె చీలమండల దాకా గోధుమరంగు బురద ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆమెతోపాటే వాసన కూడా లోపలికి వచ్చింది. కుళ్లిన పండూ మాడిన బెల్లమూ కలిపినట్టుండే ఆ పుల్లటి వాసన లాస్ ఇగెరియాస్‌ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. మెస్కల్ సారా మొత్తం దిగాక రాగికుండ అడుగున మిగిలే బట్టీ కుడితి అది. అది ఉండాల్సింది మరిది ఇలారియో బట్టీ దగ్గర. ఇప్పుడు ఆమె తోటకూర మడిలో ఉంది.

"కాళ్లు కడుక్కుని రా ముందు. ఇప్పుడే నీళ్లు చల్లి ఊడ్చాను," అంది అత్త త్రాన్సితో, పెనం మీద రొట్టె తిరగేస్తూ.

"అత్తయ్యా, మడి అడుగుతున్నాను నేను."

"నేను నేల అడుగుతున్నాను."

భర్త ఫిదెన్సియో ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే కాఫీకి వచ్చిన ఇలారియో తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎఫిహేనియా ముఖం చూసి, చూసి, చివరికి సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

"నేనే వదినా."

ఆమె అతని వైపు తిరిగింది.

"సాన్ హువాన్ పండగ రోజు చెబుదామనుకున్నా. నువ్వు పాపని తీసుకుని రక్తపరీక్షకి సకతెకాస్ పట్నం వెళ్లావు కదా, ఆ పది రోజుల్లో పోశాను. పన్నెండు పీపాలు! ఒక్క చుక్క వృథా కాలేదు."

"పన్నెండు పీపాలు," అంది ఎఫిహేనియా.

"మరేంటి వదినా! మూడేళ్ల నుంచి నా బట్టీలోంచే కదా కిత్తనార పిప్పి మోసుకుపోతున్నావు. గొర్రెల పెంట కలిపి, కుప్ప వేసి, తిరగేసి, ఎనిమిదేసి నెలలు మాగబెట్టి మడికి వేస్తున్నావు. ఆ వట్టి పిప్పికే గని దుమ్ముతో మట్టిలో చేరిన సీసాన్ని అణిచే బలం ఉంటే, దాని రసానికి ఎంత ఉండాలి? ఎముకలో కంటే పులుసులోనే కదా సత్తువ!"

నిజంగా సంతోషంతోనే చెబుతున్నాడు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది. దొంగతనంగా చేసి ఉంటే తిట్టడానికి వీలుండేది.

ఎఫిహేనియా గుమ్మంలోనే కూలబడింది. రాత్రి బస్సు దిగి చీకట్లో ఇంటికి వచ్చింది కాబట్టి మడి చూడలేదు. పొద్దున్న పాప నియెవెస్‌కి జడవేసి బడికి పంపి, ఆకు ఎలా ఉందో చూద్దామని వెళ్లింది. దిగువ వరసల్లో తోటకూర ఆకుల అంచులు కాలినట్టు ముడుచుకున్నాయి. పిడికెడు మట్టి తీసి పిసికింది. మాగిన ఎరువు కలిసిన మట్టి చేతికి మెత్తగా తగులుతుంది, మొదటి వాన వాసన వేస్తుంది. ఇది జిగటగా వేళ్లకి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పనే లేకపోయింది.

"ఇలారియో, నీ రాగికుండకి నల్లమచ్చలు పడితే దేంతో తోముతావు?"

"కుండా? దానికేముంది, నిమ్మకాయతో..."

"మచ్చ ఏమవుతుంది?"

"ఊడి వచ్చేస్తుంది. చక్కగా..."

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. నోరు కొంచెం తెరుచుకునే ఉంది.

"మాగిన ఎరువు సీసాన్ని పట్టుకుని కూర్చుంటుంది. సీసం ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉంటుంది. వేరుకి దొరకదంతే. పులుపు తగిలిందంటే ఆ పట్టు వదిలిపోతుంది. వదిలిన సీసం నీళ్లలో కలుస్తుంది. నీళ్లతోపాటు ఆకులోకి ఎక్కుతుంది. మట్టి పరీక్షకి వచ్చే ఇంజనీరమ్మ ఎంత వివరంగా చెప్పింది, ఇదే వంటింట్లో కూర్చుని!"

"నేను ఆ రోజు లేను వదినా," అన్నాడు ఇలారియో. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు, శవం ముందు నిలబడినట్టు.

ఫిదెన్సియో చేతిలో బూటు నేలకేసి కొట్టాడు.

"బుద్ధుందా నీకు? ఎవర్ని అడిగి పోశావు? పది గంటలకి ఆవిడ వస్తుంది ఆకులు తీసుకెళ్లడానికి! ఇదే ఆఖరి పరీక్ష! ఆదివారం సభలో ఈ మడి ఉంటుందో పోతుందో తేలుస్తారు. ఆకులో సీసం ఉండాల్సిన హద్దు దాటిందంటే మట్టంతా గీకేసి కంచె వేసేస్తారు. కంచె ఎక్కడి దాకా వస్తుందో తెలుసా? ఈ పొయ్యి దాకా వస్తుంది!"

"అన్నయ్యా..."

"అన్నయ్యా లేదు, ఏం లేదు!"

అంత దుఃఖంలోనూ ఎఫిహేనియాకి ఆ అరుపు కొంచెం ఊరటగా అనిపించింది. ఈ మడి గురించి ఫిదెన్సియో గొంతు పెంచి మాట్లాడగా మూడేళ్లలో ఆమె వినలేదు. కుప్ప తిరగేయడానికి రమ్మంటే వచ్చేవాడు, చెప్పింది చేసేవాడు, వెళ్లిపోయేవాడు. ఇవాళ మాత్రం ఇల్లు తనదీ అన్నట్టు మాట్లాడుతున్నాడు.

ఇలారియో బిత్తరపోయి అన్న వైపు చూశాడు. తరువాత వదిన వైపు తిరిగి, సర్దిచెప్పుకుంటున్నట్టు అన్నాడు:

"మంచిదే కదా అనుకున్నా వదినా. నిరుడు పోసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు కదా మరి."

పెనం మీద రొట్టె పొంగింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

"నిరుడా?"

ఇలారియో టోపీ అంచు పట్టుకుని తిప్పసాగాడు.

"నిరుడు ఎన్ని పీపాలు?"

"నాలుగే. చెప్పేంత పని కాదులే అని..."

రొట్టె మాడిన పొగ లేచింది. త్రాన్సితో దాన్ని వట్టిచేత్తో తీసి పక్కన పడేసింది.

మొదటి ఏడాది ఆకులో సీసం తగ్గింది. నిరుడు మళ్లీ పెరిగింది. ఎరువు సరిగ్గా మాగి ఉండదని ఇంజనీరు అంపారో అనుమానపడింది. తన తొందరపాటే కారణమని ఎఫిహేనియా నమ్మింది. ఊరి సభలో ఎవరో ముక్కు మూసుకుని "పెంటమ్మ వచ్చింది, కిటికీలు తెరవండి" అంటే అందరూ నవ్వారు, ఆమె తల వంచుకుని కూర్చుంది. ఈ ఏడాది పొడవునా కుప్పని వారానికి ఒకసారి కాదు, రెండుసార్లు తిరగేసింది. లోపలి వేడి చూడడానికి మోచేతి దాకా చెయ్యి దూర్చేది. ఆ చేతిని ఎన్నిసార్లు తిట్టుకుందో. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంది.

"సరే, అయిందేదో అయింది," అంది త్రాన్సితో. "ఏడిస్తే కుడితి వెనక్కి రాదు. ఎఫీ, లే. కుడితి పల్లానికి పారుతుంది గానీ ఎగువకి ఎక్కదు కదా?"

"ఎక్కదు."

"ఎగువ మూల ఆకు బాగానే ఉందా?"

ఎఫిహేనియా గుమ్మం పట్టుకుని లేచింది.

"బాగానే ఉంటుంది. ఇంజనీరమ్మని అటు తీసుకెళ్లండి. కుర్చీ వెయ్యండి, నిమ్మరసం ఇవ్వండి, రెండు కట్టలు కోసి చేతిలో పెట్టండి. ఆవిడకి కావాల్సింది ఆకే కదా. ఆకు ఆకే."

"అత్తయ్యా, ఆవిడ సరేనని రాసిస్తే మనం దిగువది కూడా తింటాం. మనల్ని చూసి పక్కింటివాళ్లు తింటారు. మీ మనవరాలు తింటుంది."

"ఈ మట్టిలో పండిందే డెబ్బై ఏళ్లుగా తింటున్నాను నేను. నాకేమైంది?"

త్రాన్సితో కాఫీ గిన్నె ఎత్తింది. ఎప్పటిలాగే గిన్నె అంచు పళ్లకి తగిలి టకటకమంది. ఆ వణుకు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఎఫిహేనియా చెప్పులు గుమ్మం బయట పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆమె తొట్టి దగ్గర ఉండగానే జీపు వచ్చి ఆగింది.

*

అంపారో పొట్టి మనిషి. మట్టి తీసే ఇనపగొట్టాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే గొట్టమే ఆమెను మోసుకొస్తున్నట్టు ఉంటుంది. ఎప్పుడూ జీపు దిగుతూనే ఏదో ఒక పరాచికం ఆడుతుంది. ఇవాళ దిగి, తలుపు వేసి, గాలి పీల్చి ఊరుకుంది.

"బట్టీ ఇవాళ జోరుగా ఉన్నట్టుంది దోన్ ఇలారియో," అంది.

"అదే... అవునమ్మా."

"గాలి అటు నుంచి రావట్లేదే."

ఫిదెన్సియో ముందుకి వచ్చి ఆమె భుజం మీది గొట్టం అందుకున్నాడు.

"ఇటు రండి ఇంజనీరమ్మా. ఈ ఎగువ మూల ఆకు చాలా బాగా వచ్చింది. ఇక్కడ తీసుకోండి."

నిజంగానే బాగా వచ్చింది. ఎర్రటి కాడలు, అరచేయంత ఆకులు. అంపారో వంగి ఒక ఆకు తిప్పి చూసింది. సంచి తెరిచింది. ఎఫిహేనియా మడి మధ్యలో గట్టు మీద నిలబడి ఉంది. అంపారో చెయ్యి కాడ మీదికి వెళ్లింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అయిపోతుంది. ఇల్లు ఉంటుంది, పొయ్యి ఉంటుంది, ఇక ఎవరూ ముక్కు మూసుకోరు.

"అక్కడ కాదు ఇంజనీరమ్మా," అంది ఎఫిహేనియా. "కింద తియ్యండి."

ఫిదెన్సియో ఆమె వైపు చూడలేదు. అరుగు మీద కూర్చున్న త్రాన్సితో నోట్లోంచి మాత్రం "అయ్యో, అయ్యో" అని రెండు మాటలు వచ్చాయి.

అంపారో దిగువకి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. రంగుకాగితం ఒకటి తీసి తడి మట్టికి అద్దింది. పులుపు ఉంటే అది ఎర్రబడుతుంది. ముందటేడు ఇదే మడిలో ఆకుపచ్చగా మారిందని ఎఫిహేనియా ఆ కాగితం ముక్కని దేవుడి పటం వెనక దాచుకుంది. ఇవాళ్టిది అంపారో వేళ్ల మధ్య దానిమ్మ గింజలా ఎర్రబడింది. అంపారో దాన్ని ఎవరికీ చూపించలేదు. అందరూ చూశారు.

"ఎవరు పోశారు?" అంది ఆమె.

పొద్దున్న ఎఫిహేనియా అడిగిన మాటే. అప్పుడు చేతికర్ర చప్పుడు చేసుకుంటూ త్రాన్సితో అరుగు దిగి వచ్చింది.

"మా కోడలే పోసిందమ్మా. మంచిదనుకుని పోసింది. చదువుకున్నది కాదు, ఏం తెలుసు దానికి!"

ఎఫిహేనియా అత్త వైపు తిరిగింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ముసలావిడ ఎవర్ని కాపాడుతోందో తెలుస్తూనే ఉంది. బట్టీ కుడితి వాగులోకి వదిలినందుకు ఇలారియోకి ఇదివరకే ఒకసారి నోటీసు వచ్చింది. ఇంకోసారి పేరు బయటపడితే బట్టీ మూసేస్తారు. అతనికి భార్య, నలుగురు ఆడపిల్లలు. చిన్న కొడుకు పిల్లలా, కోడలా అంటే త్రాన్సితో వెతుక్కోవాల్సిన అవసరం లేదు.

అంపారో లేచి మోకాళ్లు దులుపుకుంది.

"దోన్యా త్రాన్సితో, బాగా ఆలోచించుకుని చెప్పండి. ఇది ఇంటివాళ్ల పనైతే నేను రాయాల్సింది ఒక్కటే. మడి పోతుంది, ఇల్లు కూడా కంచెలోకి పోతుంది, ఆదివారమే. ఇంటివాళ్లకి తెలియకుండా బయటివాళ్లు చేసిందైతే వేరు. ఈ ఏడాది పరీక్ష లెక్కలోకి రాదు. సున్నం వేసి, మళ్లీ ఎరువు వేసి, బాగు చేసుకోవడానికి ఒక ఏడాది గడువు ఇస్తారు."

త్రాన్సితో కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాకు కళ్లు సరిగ్గా కనబడవమ్మా," అంది. "ఎవరో పోశారు. కోడలో, కాదో..."

ఇంకో రోజైతే అంపారో పకపకా నవ్వేది.

"నేనే పోశాను," అన్నాడు ఇలారియో.

"దోన్ ఇలారియో, అది రాస్తే మీ బట్టీ మూస్తారు. తెలుసా?"

"తెలుసు." టోపీ ఇంకా గుండె మీదే ఉంది. "పోసింది నేనైతే ఇంకెవరి పేరు రాస్తారు?"

"నోరు ముయ్యరా!" అంది తల్లి.

"ఎలా ముయ్యనమ్మా? వదిన మోచేతి దాకా పెంటలో చెయ్యి పెట్టి మూడేళ్లు చేసింది. నేను పది రోజుల్లో కడిగేశాను. నువ్వేమో అది కూడా వదిన మీదే పెడుతున్నావు."

అంపారో అతని వైపు కొంతసేపు చూసింది. తరువాత మడి చుట్టూ ఉన్న ముళ్లకంచెనీ, ఇనప తలుపునీ చూసింది. పిల్లలూ మేకలూ రాకుండా మొదటి ఏడాదే ఆమె దగ్గరుండి వేయించిన తలుపది.

"తాళం పగలగొట్టినట్టు లేదే," అంది.

ఇలారియో నేలచూపులు చూశాడు.

"నేను జీపులోంచి కాగితం తెస్తాను. అందులో పోసినవాళ్లు ఒక సంతకం పెట్టాలి, మడి ఎవరి పేరున ఉందో వాళ్లు ఒకటి పెట్టాలి. ఏం రాయాలో ఈలోగా మాట్లాడుకోండి. నేను మట్టిలో ఉన్నది చదవగలను గానీ మీ మనసుల్లో ఉన్నది చదవలేను." నాలుగడుగులు వేసి ఆగింది. "తొందరేం లేదు. కాగితం వెతుక్కోవాలి."

కాగితం ఎప్పుడూ ముందు సీటు మీదే ఉంటుందని అందరికీ తెలుసు.

*

"తలుపు ఎలా తీశావు ఇలారియో?" అంది ఎఫిహేనియా.

"వదినా, పోనియ్యి."

"తాళంచెవులు రెండే. ఒకటి నా మెడలో ఉంది. పది రోజులూ నాతోపాటు సకతెకాస్‌లోనే ఉంది."

ఇలారియో చూపు అన్న వైపు జారింది. మాట్లాడాల్సిన అవసరమూ లేకపోయింది. ఎఫిహేనియా మెల్లగా భర్త వైపు తిరిగింది. ఫిదెన్సియో ఎగువ మూలలో తోటకూర మధ్య నిలబడి ఉన్నాడు. ఇంజనీరమ్మ గొట్టం ఇంకా అతని చేతిలోనే ఉంది.

"నువ్వు తీశావు."

"తీశాను."

"నిరుడు కూడా?"

"నిరుడు కూడా."

"పొద్దున్న అంత అరిచావే... బూటు విసిరావే."

అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇలారియోకి తెలియదు. నీకు తెలుసు. ఇంజనీరమ్మ చెప్పిన రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నావు. 'అయితే పులుపు తగలకూడదన్నమాట' అని మళ్లీ అడిగి మరీ తెలుసుకున్నావు."

"అవును."

"మరి?"

ఇలారియో వెనక్కి జరిగి కంచె దగ్గరికి పోయాడు. త్రాన్సితో కర్ర మీద రెండు చేతులూ పెట్టి, దాని మీద గడ్డం ఆనించింది. ఫిదెన్సియో గొట్టాన్ని నేల మీద పడుకోబెట్టాడు, ఆకులు నలగకుండా, వరసల మధ్యన.

"పాప రక్తంలో ఇప్పుడెంత?" అన్నాడు.

"నిన్ననే చెప్పాను కదా. పద్నాలుగు. మూడేళ్ల కిందట పంతొమ్మిది ఉండేది. తగ్గుతోంది ఫిదెన్సియో."

"అయిదు కూడా ఉండకూడదంటారు. మూడేళ్లకి అయిదు తగ్గింది. ఇంకెన్నేళ్లకి? అప్పటికి దానికెన్నేళ్లు వస్తాయి? గాలి వీస్తే ఆ గని దిబ్బ దుమ్ము దాని పరుపు మీదికి వస్తుంది. నువ్వు మడి బాగు చేశావు. దిబ్బని బాగు చేస్తావా?"

"అందుకని..."

"అందుకని రోడ్డు అవతల కాలనీలో ఇల్లిస్తామంటే వెళదామన్నాను. ఎన్నిసార్లన్నాను? మడి పోయినవాళ్లకే ఇస్తారు ఆ ఇల్లు. పోనియ్యమన్నాను. నువ్వు వినలేదు."

"ఆ కాలనీలోనే మా నాన్న చచ్చిపోయాడు," అంది ఎఫిహేనియా. "మా మడి ఇచ్చేసి వెళ్లాం. పొద్దున్న లేచి రంగుడబ్బా మీద కూర్చుని ఎదుటింటి గోడ చూసేవాడు. సాయంత్రం లేచి డబ్బా లోపల పెట్టేవాడు. అంతే. పదకొండేళ్లు."

"నాకు తెలుసు."

"తెలిసే చేశావు."

"ఎఫీ." అతని గొంతు తగ్గింది. పొద్దుటి అరుపంతా ఎక్కడికి పోయిందో. "నిన్ను నవ్వులపాలు చేయాలని కాదు. నిరుడు సభలో వాళ్లంతా నవ్వుతుంటే లేచి చెబుదామనుకున్నా. కాళ్లు లేవలేదు. నువ్వు ఓడిపోతే వచ్చేస్తావనుకున్నా. నువ్వు గెలిస్తే మనం ఇక్కడే ఉండిపోతాం. అర్థమవుతోందా? నువ్వు గెలిస్తే నాకు బయటపడే దారి లేదు."

ఆమెకి అర్థమైంది. మూడేళ్లుగా ఒకే మంచం మీద పడుకుని, తాను ఏ తలుపు మూసుకుపోకుండా అడ్డం నిలబడిందో, అతను అదే తలుపు మూసుకోవాలని ఎదురుచూశాడు. ఇద్దరికీ ఊపిరాడలేదు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

"చెప్పొచ్చు కదా," అంది.

"చెప్పాను. నువ్వు ఎరువు కుప్ప దగ్గరికి వెళ్లిపోయేదానివి."

అది నిజం. అందుకే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

త్రాన్సితో తల ఎత్తింది. "మీ ఇద్దరి గోల తరువాత. ఆవిడ వచ్చేస్తోంది. ఏం చెబుతారో చెప్పండి."

ఎవరూ ఏమీ తేల్చుకోలేదు.

అంపారో అట్టమీద పెట్టిన కాగితం తెచ్చింది. సగం అప్పటికే రాసి ఉంది. మిగతాది నిలబడే చదివింది: దిగువ మడిలో బట్టీ కుడితి పోయబడింది. పోసినవారు ఇలారియో బర్రగాన్. ఈ పని మడిగలవారి ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఎవరి సాయమూ లేకుండా జరిగింది.

చివరి వాక్యం దగ్గర ఆమె గొంతు ఏమీ మారలేదు. కాని చదివాక ఒకసారి ఇనప తలుపు వైపు చూసింది.

"ఇలా రాస్తే ఏడాది గడువు వస్తుంది. ఇలా కాకపోతే కొట్టేసి, ఇంటివాళ్ల పనని మాత్రమే రాస్తాను, అందులో బట్టీ పేరు ఉండదు. ఆ తరువాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఇలారియో కలం తీసుకున్నాడు. సంతకం పెద్ద పెద్ద అక్షరాలతో, బడిపిల్లాడిలా నెమ్మదిగా పెట్టాడు. పెడుతున్నంతసేపూ తల్లి అతని చెయ్యి మీది నుంచి చూపు తిప్పలేదు.

"పోసింది నేనే కదా వదినా," అన్నాడు కలం అందిస్తూ. "అది అబద్ధం కాదు కదా. నువ్వేం ఆలోచించకు. కిత్తనార కొట్టే కూలికి ఎక్కడికైనా పోతాను."

కలం ఎఫిహేనియా చేతిలోకి వచ్చింది. కాగితం మీద ఇలారియో సంతకం కింద ఖాళీ ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో ఒక మాట: పైన రాసినదంతా నిజమని నాకు తెలుసు.

నలుగురు ఆడపిల్లల బట్టీ ఇటు. ఆమె మడి అటు. మధ్యలో ఆమె భర్త, తలుపు తీసినవాడు, తన పేరు ఎక్కడా లేని కాగితాన్ని చూస్తూ నిలబడ్డాడు. కొట్టేయమంటే అతను కోరుకున్నదే జరుగుతుంది. సంతకం పెడితే ఈ ఇంట్లోనే, ఈ మనిషి పక్కనే, ఇంకో ఏడాది.

"ఫిదెన్సియో," అంది ఆమె. "నువ్వేమైనా చెప్పాలా ఇంజనీరమ్మకి?"

అంపారో తలెత్తింది. త్రాన్సితో కర్ర మట్టిలోకి ఇంకొంచెం దిగింది.

ఫిదెన్సియో వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. అతని బూట్లకి కూడా ఆ బురద అంటుకుంది. కాగితం మీది ఖాళీని చూశాడు, ఆమె చేతిలో కలాన్ని చూశాడు, అంపారోకి వినపడనంత మెల్లగా అన్నాడు:

"పెట్టెయ్, ఎఫీ. నీకు కావాల్సింది ఇదే కదా."